తొక్కు, పట్టు, ఇడువు

ములుగు రోడ్డు మీద మా షెడ్డుల
అరవై తొమ్మిది మోడల్ అంబాసిడర్ కింద
మొగిలి వెల్లకిల పడుకున్నడు.
కనిపించేటియి రెండు పాదాలే,
ఒక చెప్పుకు పిన్నీసు.

నేను పైన, స్టీరింగు ముందట.
మూడేండ్లాయె మేం మాట్లాడుకోక.
బ్రేకుల గాలి తీసుడు ఒక్కనితోటి అయ్యే పని కాదు,
కబురు పంపిన.
వచ్చిండు, నా మొహం చూడకుండనే కిందికి దూరిండు.

"తొక్కు."
తొక్కిన.
"పట్టు."
పట్టిన. నిప్పల్ తిప్పినట్టున్నడు,
నా కాలి కింద పెడల్ కుంగుకుంట పోయి
నేలకు ఆనింది.
బిగించిండు.
"ఇడువు."

మాకు మిగిలిన భాష ఇంతే.
దూరపు చక్రం మొదలు, దగ్గరిది ఆఖరు
అని మా ఉస్తాదు నేర్పిన లెక్కల
వెనక ఎడమ, వెనక కుడి, ముందర ఎడమ, ముందర కుడి.
రెండు డబ్బాల ఆయిల్ అయిపాయె.
పెడల్ మాత్రం
తడిసిన పత్తి బోరెం తొక్కినట్టే ఉన్నది.

షూలు దూరమున్నయా? అడ్జస్టర్లు బిగించినం.
రబ్బరు హోజు ఉబ్బుతున్నదా? వేళ్లతోటి వట్టి చూసిండు.
మాస్టర్ సిలిండర్ సీళ్లు
హన్మకొండ చౌరస్తల కొన్నయి, మొన్ననే వేసిన.
మ్యాటు ఎత్తి, కాళ్లకాడి మూత ఇప్పి చూసిన,
ఆయిల్ నిండుగనే ఉన్నది.

ఎనుమాముల నుంచి వీరమల్లయ్య సేటు
చేతిరుమాలుల మిరపఘాటు మోసుకొచ్చి
రెండుసార్లు తుమ్మి అడిగిండు:
"పొద్దూకేలోపు అయితదా?"
ఇద్దరం జవాబియ్యలే.

మడ్‌గార్డు మీద ఒక చుక్క పడ్డది.
బ్రేక్ ఆయిల్ రంగును తింటది,
ఎమ్మటే నీళ్లు పొయ్యాలె. పోసిన.
లేతు మిషన్ వాటాకాడ ఆ దినం
నేనన్న మాట మీద
ఎవ్వడు నీళ్లు పొయ్యలే.

మొగిలి ఈసారి ముందర కుడి చక్రం కాడ
చానసేపు సప్పుడు చెయ్యలే.
టార్చి వెలుగు ఒక్కటే కదులుతున్నది.
ఆ తర్వాత, మూడేండ్లల నాలుగో మాట:
"ఎవడు బిగించిండు దీన్ని?"

మీది సిలిండర్ కింద, కిందిది మీద.
నిప్పల్ నేల దిక్కు చూస్తున్నది.
"గాలి పైన కూసుంటది.
దారి కింద పెడితే
ఎన్నిసార్లు తొక్కినా ఎట్లొస్తదిరా?"

రా అన్నడు.

"నేనే బిగించిన," అన్న.
పాదాలు కదల్లే. పిన్నీసు మెరిసింది.
"పదమూడో నంబరు పానా ఇయ్యి," అన్నడు.

ఇప్పి, మార్చి, మల్ల మొదలు.
తొక్కు. పట్టు.
సీసల ముంచిన సన్న పైపు చివర
మరిగే నూనెల బజ్జీ ఏసినట్టు బుడగలు.
ఒక పెద్దది, రెండు చిన్నయి,
ఆఖరుకు ఆవగింజంత ఒకటి,
ఇగ ఒట్టి పచ్చటి ఆయిలే.
ఇడువు.
పెడల్ పావు వంతుల ఆగింది.
కాలు కింద నేల దొరికింది.

కాశిబుగ్గ దాక పోయి వచ్చినం.
పక్క సీట్ల మొగిలి, మోకాళ్ల మీద పానా.
మేకపిల్ల అడ్డమొస్తే తొక్కిన.
బండి ఆగింది,
మేకపిల్ల మమ్ముల చూసుకుంట నిలవడ్డది.

"జర ఎడమకు గుంజుతున్నది,"
అన్నడు.
నాకైతే తెలువలే.
"రేపొచ్చి చూస్త,"
అన్నడు, కిటికీ దిక్కు తిరిగి.