వేలు బయట

మేష్రాం సారు పొద్దున చెప్పిన మొదటి మాట:
"ఖాళీదని ఎవరు చెప్పినా నమ్మద్దు."
మరాఠీల చెప్పిండు. నేను తెలుగుల రాసుకున్న.
తుపాకి ముచ్చటే అనుకున్న అప్పుడు.

బల్లార్షా అవతల, గని మట్టి పోసిన దిబ్బ వెనుక
పదకొండు మంది ఆడోళ్లం.
మొగోళ్లు గనిల పోతే
వాళ్ల కొలువులు మా మెడల పడ్డయి.

"దుర్గం లసుంబాయి!"
రివాల్వర్ తెచ్చి అరచేతిల పెట్టిండు.
కిలో వంకాయలంత సుత లేదు,
అయినా మణికట్టు వంగింది.
ఇరవై ఏండ్లు కుట్టుమిషను తొక్కినదాన్ని,
సూదిల దారం ఎక్కించేటప్పుడు
ఊపిరి ఎక్కడ ఆపాలో నాకెరుకే.
వెనక గాడి, ముందు ముల్లు, నడుమ ఇంత సందు.
గదే బెజ్జం.
దారమే, సీసంది.

మొదటి తూటాకు చందాబాయి ఆత్రం
చెవులు మూసుకొని కూసుండిపోయింది.
నవ్వినం.
నా వంతు వచ్చింది.
చప్పుడు చెవులకు కాదు, పండ్లకు తగిలింది.
దిబ్బ మీది కొంగలు లేచి వార్ధా దిక్కు పోయినయి.
నా తూటా పక్కదాని బోర్డుల పడ్డది.

సారు తిట్టలే.
"గుంజద్దు. పిండు, నిమ్మకాయల ఆఖరి చుక్క కోసం పిండినట్టు.
ఎప్పుడు పేలిందో నీకే తెల్వద్దు."
గా మాట నాకు నచ్చలే.
నా చేతిల, నాకు తెల్వకుండ పేలుడేంది?

అట్ట మనిషికి మొఖం లేదు.
భుజాలున్నయి. పొట్ట మీద గుండ్రాలున్నయి.
పగటాల్ల దాక పదిట్ల ఏడు తగిలినయి.
సద్ది తినుకుంట చందాబాయి అడిగింది:
"ఎవర్ని కాల్చెతందుకు ఇదంత?"
"సైడింగు కాడ బొగ్గు దొంగల్ని" అన్నరెవరో.

సైడింగు కాడ బొగ్గు దొంగలంటే
నాకు ఒక్క మొఖమే ఎరుక.
నెత్తిన గంప, గంప కింద చుట్టబట్ట,
వ్యాగన్ల నడుమ వంగి ఉరికే మా అమ్మ.
అప్పటి గార్డు కాడ ఈల ఒక్కటే ఉండె.
ముందుగాల ఈల ఊది,
తాపీగ అటు తిరిగి బీడీ ముట్టిచ్చెటోడు.
నా అన్నం ఉడికింది గా బొగ్గు మీదనే.

సందెకు ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడిగిన.
అమ్మ నా వేళ్లు పట్టుకొని వాసన చూసింది.
"గనిది గాదు" అన్నది.
మళ్ల చూసి, "దీపావళిది" అన్నది.
అంతకన్న అడుగలే.

రేపు పరీక్ష. ఇరవై తూటాలు.
పన్నెండు తగిలితే కాగితం,
కాగితముంటే జీతం,
జీతముంటే సిలిండరు.

నిద్ర రాక, పండుకున్నకాన్నించే చెయ్యి చాపి
దూలం మీది బల్లికి గురి చూసిన.
ఉత్త చెయ్యే.
అయినా వేలు బయటనే ఉంచిన,
సారు చెప్పిన రెండో మాట యాదికొచ్చి:
"మనసుల తేల్చుకునేదాక వేలు లోపలికి పోవద్దు."

పక్క మంచంల అమ్మ దగ్గింది.
బల్లి పోయింది.
వేలు అక్కడనే ఉన్నది.