గంధకం పద్దు

నరసన్నపేటలో, లారీలు మలుపు తిరిగే చోట
మా వెండి కొట్టు.
నా పని తక్కెడ దగ్గర.
దాలమ్మ పని వెనకగదిలో, కుంకుడు నురగలో.

మునుపు అద్దాల బీరువాలో పెట్టిన పట్టీలు
ఒక వానాకాలం దాటినా తెల్లగానే ఉండేవి.
ఇప్పుడు పది రోజులు.
మొదట పలచటి టీ రంగు,
తర్వాత నెమలి మెడ నీలం,
ఆ తర్వాత మసి.

"తోమడం మానేసినావేటి?" అన్నాడు షావుకారు.
దాలమ్మ చేతులు చూపించింది.
వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి,
రేషన్ మిషను కూడా ఆమెను పోల్చుకోదు.

పొట్నూరు వీరాచారి వచ్చి
కంటికి భూతద్దం బిగించి, ఒక్క మువ్వ తిప్పి చూసి
"గంధకం" అన్నాడు.
నగిషీ లోతుల్లో నలుపు నిలవాలంటే
ఆయన పట్టించేదీ గంధకమే.
ఎంత పట్టించాలో, ఎక్కడ ఆపాలో
వాళ్ల నాన్న చెంపదెబ్బలతో నేర్పాడు.
"ఇది నా చెయ్యి కాదు.
ఆపడం తెలీనోడి పని."

బయట టెక్కలి రాయి మోస్తూ ఒక లారీ
గేరు పడక మూలుగుతోంది.
వెనక పలాస బస్సు, దాని వెనక ఆటోలు, ఇసుక ట్రాక్టరు.
దారి దొరకగానే అన్నీ ఒక్కసారే ఊపిరి వదిలాయి.
ఆర్పిన అగ్గిపుల్ల వాసన.
గొంతులో సన్నటి గీత.

ఎదురు బంకులో బోర్డుంది,
గంధకం తగ్గించిన డీజిలని.
కావచ్చు.
బోర్డులు చదవడం వెండికి రాదు.
మీదికొచ్చినదాన్ని
వచ్చినంతా రాసుకోవడమే దానికి తెలుసు.

సాయంత్రం హోంగార్డు గొర్లె చలపతి వచ్చాడు.
"పెళ్లి ఉంగరం. ఇనపదేటని మాయావిడ నవ్వతంది."
సబ్బు రాసి లాగితే గానీ ఊడలేదు.
కింద, వేలి చుట్టూ
వెలిసిన చర్మం, దారమంత తెలుపు.
ఆరేళ్లుగా కూడలిలో నిలబడ్డ మనిషిలో
పొగ చూడని చోటు అదొక్కటే.

దాలమ్మ తోమి ఇచ్చింది.
అతను వెలుతురుకి పట్టి మురిశాడు, దగ్గాడు,
రుమాలు విప్పి చూడకుండానే
మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"ఎండైతే కుంకుడుకాయుంది బావూ..."
అని ఆగిపోయింది దాలమ్మ.

నలభై రూపాయలు. పద్దు రాసుకున్నాను.
చిల్లర ఇచ్చేలోపే
మలుపులో రెండు లారీలు ముఖాముఖీ ఇరుక్కున్నాయి.
చలపతి పరుగెత్తి మధ్యకు వెళ్లాడు.
విజిల్ నోట పెట్టుకున్నాడు.

ఊదాలంటే ముందు
గుండె నిండా పీల్చాలి.