పన్నెండు గంటల రాయి

తుఫాను నీళ్లు మడుల్లోంచి దిగేదాకా
ఇస్కపల్లిలో మా చేతులకి పనుండదు.
ఉప్పు గట్ల మీద కొంగలూ నేనూ, అంతే.
అప్పుడు విన్నా, ఉదయగిరి కొండ మీద
చలికాలపు నడక నేర్పుతారంట, ఐదు రోజులు.
తిండి వాళ్లదే. బూట్లు వాళ్లవే,
పోయేటప్పుడు మనకే ఇచ్చేస్తారంట.
నిజం చెప్పాలంటే
బూట్ల కోసం పొయినా.

పుట్టినకాడి నుంచీ బల్లపరుపు నేల మీద బతికినోణ్ణి.
మా ఊళ్లో ఎత్తంటే ఉప్పు రాశే,
దానికీ వాన రాకముందే తాటాకు కప్పేస్తాం.

నేర్పింది గౌసియా.
వాళ్లమ్మ నర్దికొయ్యతో గరిటెలు చెక్కుతుంది,
ఆ కొయ్య కోసం ఎనిమిదేళ్లప్పుడే కొండెక్కిందంట ఈ పిల్ల.
"మంచు గడ్డకట్టే కొండలు వేరే ఉండాయి.
మనకుండేది పొగమంచూ, తడిసిన రాయీ.
మనిషి పడటానికి అంతకన్నా ఏం కావాల?" అనింది.

మొదటి రోజు నడవనే లేదు.
చొక్కా మీద చొక్కా ఎట్ట తొడగాలో,
చెమట పట్టకముందే ఎందుకు విప్పాలో,
గాలి కొట్టే చోట ఎందుకు కూచోకూడదో.
వింజమూరు కండక్టరు తిరుపాలు నవ్వినాడు,
"మా అమ్మ చెప్పే మాటలకి సర్టిఫికెట్టు కూడానా!"
రెండో రోజు తెల్లారి, తడిసిన బనీను
వీపు మీద చల్లబడినప్పుడు
నవ్వలేదు.

మూడో రోజు, కోటమెట్లు దాటినాక
పాచి పట్టిన నల్లబండ.
కొత్త బూట్లతో రెండుసార్లు కూలబడినా.
కాళ్లకి చెవుడొచ్చినట్టుంది.
ఉప్పు మడిలో పాదానికి అన్నీ వినపడతాయి,
అడుగు ఎక్కడ గట్టిపడిందో,
బురద ఎక్కడ నోరు తెరుస్తుందో.
బూట్లిప్పి చేత బట్టుకున్నా.
అరికాలు పూర్తిగా ఆనించి, మోకాలు సడలించి
మడిలో నడిచినట్టే నడిచి దాటినా.

గౌసియా అందరినీ ఆపింది.
"చూడండి ఆయన అడుగు."
నలభై మూడేళ్లలో నా అడుగుని
చూడమని ఎవురూ ఎవురికీ చెప్పలేదు.
అంతలోనే నా వైపు తిరిగి
"ఇప్పుడు బూట్లేసుకో. తెల్లారుజాము చలికి
ఉత్తకాళ్లు కొయ్యబారతాయి, అప్పుడు నీ విద్య ఎందుకూ రాదు.
నీ కాలికి తెలిసింది బూటుకి నేర్పు."

ఆ సాయంత్రం అందరూ టీ తాగతా ఉంటే
పదడుగుల బండ మీద పైకీ కిందకీ,
కోడెదూడకి కాడి అలవాటు చేసినట్టు
బూట్లకి నేర్పుకున్నా.

ఆఖరి రోజు కొండ కొస.
"పన్నెండింటికి ఎక్కడుంటే అక్కణ్ణుంచే వెనక్కి."
పొద్దున్నే మా చేత మూడుసార్లు అనిపించింది.
పది దాటినాక మంచు దిగింది.
ముందు మనిషి కనపడకుండా పొయినాడు,
ఆ తర్వాత వాడి వీపు మీది సంచి,
చివరికి సంచికి కట్టిన ఎర్ర పేలిక ఒకటే మిగిలింది.
అడుగులు లెక్కపెట్టే పని నాది.
ఉప్పు గంపలు లెక్కపెట్టిన నోరు గదా,
"లాభం, రెండు, మూడు" అని ఎత్తుకున్నా.
కావలి కాలేజీ పిల్ల నవనీత
మంచులో ఎక్కణ్ణుంచో కిసుక్కున నవ్వింది.

పన్నెండు.
అప్పుడే గాలి ఒక్కసారి తెర లాగింది.
పైన కూలిన గోడ, గోడ మీద ఒక మేక,
రాయేస్తే తగిలేంత దూరం.
"పది నిమిషాలమ్మా" అని తిరుపాలు చేతులు జోడించినాడు.
గౌసియా పక్కనున్న రాయి మీద అరచెయ్యి పెట్టి
"ఈరోజుకి కొస ఇదే" అనింది.
ఇంకేం చెప్పలేదు. వెనక్కి తిరిగింది.
కోపమొచ్చింది నాకు.
ఇప్పటికీ కొంచెం ఉంది.

దిగేటప్పుడు మంచు మళ్లీ కమ్మింది, దాని వెనకే జల్లు.
నల్లబండ కాడికి వచ్చేసరికి
అడుగు కనపడేంత వెలుతురు మిగిలింది.
అంతే మిగిలింది.

బూట్లు ఇప్పుడు మా దూలానికి వేలాడతా ఉండాయి.
ఉప్పు తోలుని తినేస్తుంది, మడిలోకి తేలేను.
మా ఆవిడ వాటిల్లో వెల్లుల్లి దాస్తానంటది.

నీళ్లు దిగినాయి. మడి అడుగు తొక్కతా ఉండాం.
పన్నెండింటికి మేస్త్రి అన్నానికి కేకేస్తాడు.
నేనెక్కడుంటే అక్కడే ఆగి
గట్టు మీద అరచెయ్యి పెడతా.
ఇక్కణ్ణుంచి పడమర ఏ కొండా కనపడదు.
ఏందబ్బా అది, అంటారు పక్కోళ్లు.
ఏం లేదు, అంటా.