సరిపోలలేదు

మళ్ళీ పెట్టమ్మా అన్నాను.
శౌరమ్మ బొటనవేలు చీరకు తుడుచుకుని
తలనూనెలో రుద్ది
గాజు మీద ఆనించింది,
పసిబిడ్డ నుదుట జ్వరం చూసినట్టు.

ఎర్ర లైటు. సరిపోలలేదు.
ఇంకో వేలు. సరిపోలలేదు.

పదహారేళ్ళుగా గుంటూరు మిర్చి యార్డు వెనక
కోల్డ్ స్టోరేజీ గోడనీడన
తొడిమలు తీసిన వేళ్ళు.
తేజానో బాడిగో మూడు నలభై ఒకటో
కళ్ళు మూసుకుని ఘాటుతో చెప్పేస్తుంది.
ఆ వేళ్ళ గీతలు టిక్కీలకెత్తుకుని పోయాయి
ఎవరెవరి కూరల్లోకో.

ఏడోసారికి మిషను మనసు మార్చుకుంది.
చీటీ కక్కింది.
నిల్వ: పదకొండు రూపాయల నలభై పైసలు.

"ముప్పై వేలుండాల గదయ్యా.
చిన్నదాని నర్సింగు ఫీజు."

చదివి వినిపించాను. నా పని అదే.
మంగళవారం పదివేలు.
బుధవారం పదివేలు.
గురువారం వంద తక్కువ పదివేలు.
శౌరమ్మ పేరైనా వినని ఊళ్ళు
శౌరమ్మ బొటనవేలు తిరిగొచ్చింది.
వెళ్ళిన ప్రతిచోటా పచ్చ లైటే,
రెండోసారి పెట్టమన్నవాడు లేడు.

ఓబులనాయుడుపాలెంలో రెండు సెంట్లు కొన్ననాడు
దస్తావేజు అడుగున ముద్ర వేసిందట.
అప్పటికింకా ఆ వేలికి గీతలున్నాయి.
ఆ నీలి మరకని ఎవడో కాగితం మీంచి లేపి
జిగురులో పోసి, ఆరబెట్టి,
తన వేలికి తొడుక్కుని ఉంటాడు.
ఇలాంటివి జరుగుతున్నాయమ్మా,
బ్యాంకోళ్ళే చెప్పారు, అన్నాను.

అంతా విన్నది.
ఒక్కటే అడిగింది:
"ఆ రబ్బరు ఏలికి
మంట పుడతదా అయ్యా?"

సైబర్ స్టేషనుకు అర్జీ రాసిచ్చాను.
ఇంకు ప్యాడు మూత తీసి
ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా అన్నాను.
చెయ్యి వెనక్కి తీసుకుంది.
కొంగు కింద దాచుకుంది.
నా మొహంలోకి చూసిన ఆ చూపుకి
ఇన్నేళ్ళుగా ఇదే బల్ల వెనక కూర్చున్న నేను
ఎవరినో ఏమిటో
రుజువు చూపించలేకపోయాను.

"మద్దేనం లాటు మిగిలుందయ్యా" అని
చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది.
అర్జీ బల్ల మీదే ఉంది,
ఫ్యాను గాలికి ఎగరకుండా
మిషను కింద పెట్టాను.

రాత్రి కొట్టు మూసేముందు
మిషను గాజు తుడిచాను.
మరిచిపోయి
అదే చేత్తో కన్ను నులుముకున్నాను.

కుళాయి కింద తలపెట్టి ఎంతసేపున్నానో.
నీళ్ళకు తగ్గలేదు.

ఒక్కసారికే పోల్చుకుంది కన్ను,
శౌరమ్మని.