సున్నా పేజీలు

సిరోంచ బస్టాండు వెనక జిరాక్స్ దుకాణంల
రాత్రి ఏడు దాటినంక
ఆధార్ కార్డుల వేడి చల్లారిన మిషను పక్కన
నా పాత లాప్‌టాప్ తెరుస్త.

బళ్ళె నాకు మరాఠీయే.
తెలుగు అక్షరాలు మంచిర్యాల బస్సు బోర్డుల మీద
ఊళ్ళ పేర్లుగా నేర్చుకున్న.
ఇప్పటికీ 'చ' రాస్తే చెన్నూరు గుర్తొస్తది.
ఒత్తు తప్పితే
దిగాల్సిన స్టేజీ దాటిపోయినట్టుంటది.

వంతెన లేచినంక పడవలు ఒడ్డెక్కినయి.
నడిపినోళ్ళ నోట్లె మాటలు మాత్రం
ఇంకా నీళ్ళ మీదనే ఉన్నయి.
ఓదెలు మామ ఒక్కనికే
ప్రాణహిత నీళ్ళకు పద్నాలుగు పేర్లు:
ఎర్రనీళ్ళు, దొంగనీళ్ళు, మూగనీళ్ళు,
అలిగి ఎనక్కి తిరిగేటివి ఆడిబిడ్డ నీళ్ళు.

ఒక్కో మాటకు ఒక్కో ఫైలు. సాదా అక్షరాలు.
పైన పేరు, తేదీ, చెప్పినోళ్ళు. కింద అర్థం.
డేటాబేసు లేదు, నెలనెలా కట్టేది లేదు.
"ఎవలన్న అడిగినప్పుడు వండేది కాదు మామా,
ముందే వండి మూత పెట్టేది" అన్న.
"సద్దా?" అన్నడు.
నెల రోజులు చదివినా
నాకు ఇంత సక్కగ తెల్వలే.

బిల్డ్ కొట్టిన మొదటి రాత్రి
సున్నా పేజీలు అన్నది.
నూట ఆరు ఫైళ్ళు కండ్ల ముందరే ఉన్నయి.
ఒక్క ఎర్రగీత లేదు, తప్పు ఏందో చెప్పదు.
ఫోల్డరు పేరు మార్చిన. ఫాంటు మార్చిన.
బాపూరావు సేట్ షట్టరు సగం దించి
రెండుసార్లు దగ్గిండు.
పదకొండింటికి తెర మూలకు కన్ను పడ్డది.
లోపలి బిళ్ళ బ్యాటరీ సచ్చి
నా లాప్‌టాప్
రెండువేల తొమ్మిది జనవరిల కూసున్నది!
దాని లెక్కల నా మాటలన్నీ ఇంకా పుట్టనివి.
రేపటివి ఇయ్యాల చూపొద్దని
మర్యాదగా దాచిపెట్టింది.

తేదీ దిద్దిన. మూడు సెకన్లు. నూట ఆరు.
నవ్వొచ్చింది,
తర్వాత రాలేదు.
ఆ జనవరిల ఓదెలు మామ గెడ నీళ్ళల్ల ఉన్నది.
దొంగనీళ్ళొచ్చినయని ఆయన కేకేస్తే
పడవ నిండా మనుషులు ఒక పక్కకు ఒరిగేటోళ్ళు.
ఎవలూ రాసిపెట్టే పని లేదు.
గడియారం తప్పేం చెప్పలే.

ఆదివారం పైకి పంపాలంటే మేడెక్కాలె.
టాంకీ పక్కన సిగ్నలు రెండు గీతలు,
మబ్బు పడితే ఒకటి.
ఎవలు చూస్తున్నరో తెల్వదు, లెక్క పెట్టే మిషను పెట్టలే.

మొన్న మామకు చూపిచ్చిన.
కరెంటు లేదు, నెట్ లేదు, అయినా తెరుసుకున్నది.
నేను చదువుతుంటే కండ్లు మూసుకొని విన్నడు.
ఎనిమిదో మాట కాడ చెయ్యెత్తిండు.
"మూగనీళ్ళంటే లోతు అని రాసినవా?
తప్పు బిడ్డా.
కింద ఇసుక జరుగుతుంటది, పైన సప్పుడుండది. గది."

దిద్దుతున్న.
చెప్పినోళ్ళు: కాంపెల్లి ఓదెలు.
తేదీ కాడ ఆగి,
మూలకు ఇంకోసారి చూసి,
ఇయ్యాల్టిది ఏసిన.