ఇరవైకీ ఎనభైకీ నడుమ

అచ్చంపేట బస్టాండు ఎదురు సందుల
ఖలీల్ భాయ్ దాన్ని బోర్ల పండవెట్టి
స్క్రూలు తీసి, ఊది,
పాత పెయింటు బ్రష్షుతోని ఫ్యాను రెక్కల నడుమ దులిపిండు.
ఎర్రటి దుమ్ము. మన్ననూరు రోడ్డుది.
ఎనిమిదేండ్ల సంది నా ఒళ్లె కూసొని తిరిగిన దుమ్ము.

"కొత్త బ్యాటరీ దొరకదు మేడం, ఈ మోడలే బందయింది.
ఉన్నదాన్నే కాపాడుకోవాలె.
నిండా తాపొద్దు, పూరా ఎండవెట్టొద్దు.
ఇరవైకి తగ్గకుండ, ఎనభై దాటకుండ.
ఎండ తగలనే తగలొద్దు."
రంజాన్ నెల. పొద్దు ఇంకా గూకలేదు.
ఆ మాట అంటుంటే ఆయన పెదవులు పగిలి ఉన్నయి.

అప్పటి సంది నేర్చుకున్న
వెలుగును మూడు గీతలకు దించుడు,
గొంతు నొక్కుడు,
బ్లూటూత్ అనే ఆ నీలిపన్ను పీకుడు,
తెర వెనుక పనిలేక చుట్ట కాల్చుకుంట కూసున్న ప్రోగ్రాములను
ఒక్కొక్కదాన్నే లేపి పంపుడు.
కరెంటున్న ఇంట్ల గూడ సగం చీకట్లనే టైపు చేస్త.
"దానికి చేసే సేవల సగం నాకు చెయ్యరాదు" అంటడు మా ఆయన.
ఆయన బీపీ గోళి రోజూ యాది చేసేది నేనే.
అది లెక్కకు రాదు.

అరగంటకే పడిపోయేదాన్ని
గంటా పది నిమిషాల దాక గుంజుకొచ్చిన.
గంటా పది అంటే ఏడు గుడిసెలు,
గుడిసెకు పది నిమిషాలు.
ఇంటిపెద్ద, వయసు, ఆధారు,
అడివిల దున్నుకునే జాగ ఎన్ని గుంటలు.

చెంచుపెంటకు జీపు ఆగిన కాడనే
కరెంటు తీగె గూడ ఆగుతది.
ఒక సోలార్ పలక ఉండె.
కోతులు దాన్ని జారుడుబండ చేసుకున్నయి.

ఆరు గుడిసెలయినయి.
ఏడోది నిమ్మల బయ్యమ్మది.
పద్నాలుగు శాతం.
"ఎంతమంది పిల్లలు అవ్వా?"
ఆమె వేళ్లు మడుస్తున్నది:
ఈదన్న. లింగి. పెద్దులు.
పెద్దులు తేనెకు పోయినప్పుడు తాడు తెగింది.
గురువమ్మ కాన్పుల పోయింది.
ఇంకొకతి, తొమ్మిది దినాల పిల్ల.

బతికున్నోళ్లనే చెప్పు అనాలె నేను.
ఫారం అట్లనే అడుగుతది.
పదకొండు.
అనలే.
తెరను ఇంకో గీత దించిన.
తాడు తెగిన గట్టు పేరు చెప్పింది, రాసిన.
ఏ గడిల పట్టదని తెలిసి
రిమార్కుల గడిల రాసిన.
తాడు ఏ తీగెతో పేనిందో చెప్పింది, అదీ రాసిన.
ఏడు. ఆరు. ఎర్రగీత మిటకరించబట్టె.
ఎవ్వరూ అడగని సంగతికి
నా పొదుపంత ఖర్సయితున్నది.

తొమ్మిది దినాల పిల్లకు
"పేరు" అని కొట్టి ఆమె దిక్కు చూసిన.
తెర నల్లబడ్డది.

నల్లటి అద్దంల నా మొకం,
నా భుజం ఎనుక ఆమె పొయ్యి.

"సచ్చిందా?"
"నిద్రవోయింది" అన్న.
నమ్మలే. అరచెయ్యి మూత మీద పెట్టి చూసింది,
జొరమొచ్చిన పిల్ల నొసలు చూసినట్టు.
"ఎచ్చగనే ఉన్నది గద."

లేచి పొయ్యిల మొద్దును కొంచెం ఎనక్కి గుంజి
కణకణ మండే కొసను బూడిదల పొదిగింది.
పొద్దటి దాక ఉంటదంట అట్ల.
నేను జూస్త కూసున్న.
రాయనీకి ఏం లేదు చేతుల.

తెల్లారి మన్ననూరు బడిల ప్లగ్గుకు పెట్టిన.
కండ్లు తెరిచేటాలకు పద్దెనిమిది నిమిషాలు.
"పేరు" కాడ సన్న గీత కొట్టుకుంటనే ఉన్నది,
కనబడుకుంట, మాయమైకుంట.

ఎనభై కాడ తీగె పీకాలె.
ఆ దినం మరిచిపోయిన.
నూరు దాక తాగింది.