ఇల్లు పీకి

నిన్నటి నుంచీ మోస్తున్నాం.
తొమ్మిదో అంతస్తు. లిఫ్టు నడవదు.
ఉలాన్‌బాతర్‌లో సగం లిఫ్టులు బాగుచేసేవాణ్ణి,
మా బ్లాకుది మాత్రం వేరే కంపెనీది.
ఈ సంగతి తుంగలాగ్ మెట్టుమెట్టుకీ గుర్తుచేస్తోంది
చంకలో గ్యాసు పొయ్యితో,
పళ్ల మధ్య తాళంచెవులు కరిచిపట్టుకుని కూడా.

జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన ప్రియస్ మాది.
తలుపు తీసినప్పుడల్లా
దాని భాషలో ఏదో మర్యాదగా అంటుంది.
ఆరేళ్లయినా మాకు తెలీలేదు.
"ఇంక పట్టదు బాబోయ్ అంటోంది నాన్నా,"
తర్జుమా చేస్తాడు బిల్గూన్.

ఫోన్‌లో నా జాబితా: నలభై మూడు వస్తువులు.
సరస్సు ఒడ్డున
మూడంటే మూడు రాత్రుల కోసం.

డేరా సంచీ దులిపితే
పోయినేడాది ఇసుక రాలింది,
వెనకే ఒక పసుపుపచ్చ సాక్సు.
బొటనవేలంత.
ఇప్పుడు మా ఇంట్లో ఏ కాలికీ పట్టదది.
తుంగలాగ్ ఏమీ అనలేదు.
మడిచి మళ్లీ ఆ సంచీలోనే పెట్టేసింది.
నలభై నాలుగు.

మేకులు లెక్కపెట్టాను. పన్నెండుండాలి, పదకొండు.
చాపమీద పరిచి మళ్లీ లెక్కపెట్టాను.
పదకొండే.

గుమ్మం ముందు బల్లమీద కూచుని
పైన్ గింజలు పంటికింద పగలగొడుతూ
ఇదంతా చూస్తోంది మా అమ్మ త్సెవెల్మా.
"ఇల్లు పీకి పందిరేస్తున్నారు కదరా!"

ఇంకెవరైనా అంటే ఒళ్లు మండేదే.
కానీ ఆవిడ నిజంగానే ఇల్లు పీకిన మనిషి.
ఏటా నాలుగుసార్లు
గోడలు మడిచి, కప్పు చుట్టి,
తలుపుని ఒంటె పక్కకి కట్టి
టీ చల్లారేలోపు దారి పట్టిన మనిషి.
"నువ్వు బుట్టలో ఉండేవాడివి,
పాల తపేలాకీ, కుంటి మేకపిల్లకీ మధ్య.
ఇద్దర్లో అదే నయం, ఏడ్చేది కాదు."

లేచొచ్చి డిక్కీలోకి తొంగిచూసింది.
"చీకటిపడ్డాక దిగుతారు. గాలేస్తుంటుంది.
ముందు చేతికేం కావాలి?"
నేను ఫోన్ వైపు చూశాను.
నా జాబితా అక్షరక్రమంలో ఉంది.

అంతే, అన్నీ బయటికి.
తారు రోడ్డుమీద మా సంసారం ఆరబోసినట్టయింది.
మూడో అంతస్తు గన్‌సుఖ్ ఆగి
"ఖాళీ చేస్తున్నారా? అద్దెకిస్తారా?" అన్నాడు.

నీళ్ల డబ్బాలు అడుగున. బియ్యం, మాంసం వాటి పక్కన.
పరుపులు మెత్తగా మూలల్లోకి తోసింది
పిండి కూరినట్టు.
అన్నిటికన్నా ఆఖర్న
కెటిల్, ఉప్పు, టీ ఇటుక, అగ్గిపెట్టె.
"ఆఖర్న ఎక్కింది ముందు దిగాలి.
ఇంతకుమించి చదువు లేదు."

మడతకుర్చీలు నాలుగూ మెట్లెక్కి వెనక్కిపోయాయి.
"నేల ఉంటుందిగా అక్కడ?"
స్పీకరూ పోయింది. నా రెండో బూట్ల జతా పోయింది.
డిక్కీ ఒక్క వేలితో మూసుకుంది.
నలభై ఏళ్ల మగాణ్ణి, సిగ్గేసింది కొంచెం.

అప్పుడు తిరిగి, ఎంతో గంభీరంగా:
"నా ట్యాబ్ చార్జరు పెట్టారా?
అక్కడ సిగ్నల్ వస్తుందా?
కొరియా సీరియల్ ఇది ఆఖరి వారం.
ఆ పిల్ల తల్లెవరో తేలాలి."

తుంగలాగ్ నవ్వలేక కారు వెనక్కి వెళ్లిపోయింది.

మరి పన్నెండో మేకో?
"ఇంత ఇనుముంది," చక్రాన్ని చెప్పుకాలితో తన్నింది,
"దీనికి కట్టు ఆ తాడు."

బయల్దేరేవాళ్ల వెనక పాలు చల్లాలి.
ఎప్పుడూ చల్లేది తనే.
ఈసారి తనూ వస్తోంది కాబట్టి
గన్‌సుఖ్ చేతిలో గ్లాసూ గరిటే పెట్టి
"మేం కదిలాక, కొంచెం కొంచెంగా" అని చెప్పింది.
పట్నం పిల్లాడు. భయపడ్డాడో ఏమో,
మేం కదలకముందే
గ్లాసెడూ వెనకద్దం మీద కుమ్మరించాడు.

తెల్లటి అద్దం.
వెనక ఊరేమీ కనబడలేదు.
కారు మర్యాదగా ఏదో అంది.
దిండ్ల మధ్య గడ్డందాకా మునిగిన బిల్గూన్
తర్జుమాకి నోరు తెరిచేలోపే,
ఒళ్లో ట్యాబు, ట్యాబుమీద గింజల పొట్లం,
అమ్మ దానికి జవాబిచ్చేసింది:

"సర్లే, పోనీ."